చాయలమ్మ చీరకు ఎరుపెక్కిన కథ

ఎర్రవాగు ఒడ్డున వెలసిన చాయలమ్మ తల్లికి ఆశ్వయుజ మాసపు జాతరలో, భుజాన తెల్లగా మొదలై పాదాల దగ్గర చిక్కటి ఎరుపుగా ముగిసే చీరను కడతారు. చాయలు చాయలుగా రంగెక్కిన ఆ చీర వల్లనే తల్లికి ఈ పేరు వచ్చింది.

పూర్వం ఇక్కడ బట్టలకు రంగులద్దే కుటుంబాలు నివసించేవి. అప్పట్లో తల్లికి నిండు ఎరుపు చీర కట్టేవారు. దానిని అద్దే పని పేరమ్మ అనే ఇల్లాలిది. ఒక ఏడు జాతరకు నెల ముందు ఆమె భర్త కోటయ్య వాగులో బట్టలు జాడిస్తూ సుడిలో చిక్కి మరణించాడు. కులపెద్ద గవరయ్య ఆమెకు తెల్లచీర ఇప్పించి, ఇకమీదట అమ్మవారి ఎరుపును ముట్టరాదని చెప్పాడు. పేరమ్మ ఏళ్ల తరబడి రంగులో నాని ఎర్రబడిన గోళ్లను కొంగు చాటున దాచుకున్నది.

ఒక మధ్యాహ్నం ఆమె చల్లారిన రంగు కాగు పక్కన కూర్చుని కునుకు తీసింది. కలలో తెల్లబట్ట కట్టిన ముసలమ్మ కనిపించి, "నా చీర ఏదే?" అని అడిగింది. తన చెయ్యి పనికిరాదన్నారని పేరమ్మ చెప్పుకున్నది.

"నిండా ముంచమని నేనడిగానా? నీకు చేతనైనంత ముంచు" అన్నది ముసలమ్మ.

మెలకువ రాగానే పేరమ్మ పొయ్యి రాజేసి, ఎరుపు రంగునిచ్చే చిరివేరు కాచింది. కొత్త తెల్లచీర అంచును అందులో దించేసరికి దుఃఖం పొంగి చెయ్యి ఆగిపోయింది. కొంతసేపటికి మరో వేలెడు దించింది. మళ్లీ ఆగింది. అలా పొద్దువాలేదాకా సాగింది. ముందు మునిగిన మేర చిక్కబడింది, పైకి పోయేకొద్దీ పలచబడింది. రంగు భుజం దాకా చేరకముందే ఆమె ఓపిక అయిపోయింది.

జాతరనాడు ఆ చీర చూసి గవరయ్య కోపించాడు. ఆమె అద్దిన ఎరుపును కోసివేసి, మిగిలిన తెలుపును మాత్రమే తల్లికి కట్టాలన్నాడు. పేరమ్మ కత్తెర తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"ఎరుపు ఎక్కడ మొదలైందో చూసి, అక్కడే కోయండి మామా."

గవరయ్య చీరను ఎండలో పరిపించి చూశాడు. వేలు పెట్టిన ప్రతిచోటా, దానికి పైన ఇంకా కాస్త ఎరుపు ఉన్నట్టే తోచింది. చాలాసేపటికి ఆయన కత్తెర కింద పెట్టి, చీరను తీసి ఆమె చేతుల్లో ఉంచాడు.

"నువ్వే కట్టు తల్లీ" అన్నాడు.

భర్తను పోగొట్టుకున్న స్త్రీలు నేటికీ జాతరకు తెల్లచీరతో వచ్చి, గుడి ముందరి ఎర్రరంగు కాగులో దాని అంచు తడుపుకుంటారు. మరుసటి ఏడు ఇంకొక జానెడు. కొందరి చీర భుజం దాకా ఎర్రబడుతుంది, కొందరిది మోకాలి దగ్గరే నిలిచిపోతుంది. ఎవరినీ ఎవరూ తొందరపెట్టరు. ఏ చీరతో వచ్చినా తల్లి దగ్గరకు తీసుకుంటుందని ఇక్కడివారి విశ్వాసం.