బస్టాపులో అమ్మోరు

"మాస్టారూ, గౌరవం లేని చోట బొమ్మ పెట్టడం ఎందుకండీ?" అని హైమ అడిగింది. శిల్పం నేర్పే భానోజీ మాస్టారికి ఎవరైనా ప్రశ్న వేస్తే చెప్పులేసుకుని వీధిలోకి తీసుకెళ్లడం అలవాటు. ఆ వారం మాత్రం మోకాళ్ల నొప్పితో మంచం దిగలేదు. "లేచాక వెళ్లి చూద్దాం" అన్నారు.

ఆమె విసుగులో న్యాయం లేకపోలేదు. ఏడాదిపాటు నడుం విరిగేలా పనిచేసి, విశాఖపట్నంలో ఒక బస్టాపులో సిమెంటు బెంచీ కట్టింది. దాని ఒక చివర, బుట్ట దించుకుని సేదతీరుతున్న చేపలమ్మే ఆడమనిషి బొమ్మ. పక్కన ఇద్దరు కూర్చునే చోటు. మన జనం ఊరుకుంటారా? బొమ్మ వీపుకి ట్యూషన్ల పోస్టర్లు అంటించారు. ఒళ్లో టీ కప్పులు పడేశారు. కాళ్ల దగ్గర కిళ్లీ ఉమ్మారు. వారం వారం బకెట్టుతో వెళ్లి కడిగి కడిగి హైమకి ప్రాణం విసిగిపోయింది. ఇంకో బొమ్మ జోలికి పోనని ఒట్టేసుకుంది.

చివరికి ఒకరోజు తెల్లారుతూనే వెళ్లి, బొమ్మ మొహానికి పసుపు రాసి, ఇంత కుంకుమ బొట్టు పెట్టి వచ్చేసింది.

అబ్బో, ఎంత బాగా పనిచేసిందని! వారం తిరిగేసరికి ఎవరో ఎర్రచీర కట్టారు, ఎవరో నిమ్మకాయల దండ వేశారు. ఉమ్మేవాడే లేడు. హైమ సంబరంగా మాస్టారిని వెంటబెట్టుకెళ్లింది.

మాస్టారు బొమ్మ వంక చూడలేదు. బెంచీ ఖాళీగా ఉంది. ఎదురుగా ఎండలో, రోడ్లూడ్చే సింహాద్రమ్మ నేల మీద చతికిలబడి ఉంది. పొద్దుటి పని అయ్యాక రోజూ ఆ బొమ్మ భుజానికి ఆనుకుని కాసేపు కళ్లు మూసుకునేది ఆవిడే. హైమ ఎన్నోసార్లు చూసింది కూడా.

"అక్కడ కూర్చోవచ్చుగా?" అన్నారు మాస్టారు.

"అమ్మో! అమ్మోరి పక్కన, ఈ మాసిన చీరతో కూకుంతానా బాబూ?" అని సింహాద్రమ్మ చెంపలేసుకుంది.

 హైమ గబగబా వెళ్లి తడి రుమాలుతో బొమ్మ మొహం తుడవబోయింది. అంతే, బస్టాపంతా కయ్యిమంది. అందరికన్నా ముందు లేచి ఆమె చెయ్యి పట్టుకున్నది సింహాద్రమ్మే.

"ఈ బొమ్మ చేసింది నేనేనమ్మా!" అంది హైమ. ఎవరూ నమ్మలేదు.

తిరిగొస్తూ మాస్టారు దారిలో ఒకచోట ఆగి, మోకాలు పట్టుకుని ఊపిరి పీల్చుకున్నారు.

"ఆవిడ కూర్చోడానికి ఇంకోటి చేద్దాం, పద. అదీ మురికవుతుంది, అవనీ."