శబ్దం అనే ఒక్క మాట

ఒక రాజుకు ఒకే వస్తువుకు రెండు పేర్లుంటే గిట్టేది కాదు. చెడ్డవాడేం కాదు. జనాన్ని పీడించి ఎరగడు, అకారణంగా యుద్ధానికి పోయి ఎరగడు. గుర్రాలన్నిటికీ ఒకే రంగు జీను వేయించి, అవి వరసగా నిలబడితే చూసి మురిసిపోయేవాడు, అంతే.

ఒక ఉదయం ముగ్గురు భటులు కొలువుకు వచ్చారు. ఉత్తర ద్వారం అవతల చప్పుడైందని ఒకడన్నాడు. చప్పుడంత లేదు, సవ్వడి అన్నాడు రెండోవాడు. మూడోవాడు అదేం కాదు, పెద్ద రొద అన్నాడు. రాజుకు విసుగొచ్చింది.

"మూడూ దూరేది ఒకే చెవిలోకి కదా! ఇన్ని పేర్లెందుకు? ఇకమీదట అన్నిటికీ శబ్దం అనే ఒక్క మాట చాలు."

కొలువులో అందరూ "ఆహా" అన్నారు. రాజుగారు తుమ్మినా వాళ్లు ఆహా అనేవారు. సాయంత్రానికి ఊరంతా చాటింపు వేశారు.

మొదట్లో జనం నవ్వుకున్నారు, తర్వాత అలవాటు పడ్డారు. గజ్జెలదీ శబ్దమే, పిడుగుదీ శబ్దమే. పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తుంటే "గోల చేయకండర్రా" అనడానికి తల్లులకు లేదు. "శబ్దం చేయకండర్రా" అంటే పిల్లలకు అది మందలింపులాగా తోచేది కాదు, ఇంకాస్త రెచ్చిపోయేవాళ్లు. గోలను గోల అనే దిక్కు లేక ఊరు సంతకంటే ఎక్కువగా మోగేది.

ఏళ్లు గడిచాయి. మాట పోయిన చోట చెవి కూడా పోతుందని ఒక్కరికీ తట్టలేదు. పాలు పొంగి పొయ్యిలో పడ్డాక గానీ తెలిసేది కాదు. కుక్క మొరిగితే చుట్టం వచ్చాడో దొంగ వచ్చాడో పోల్చుకోలేక తలుపులు తీయడమే మానేశారు. అంతమంది తెలివైనవాళ్లున్న ఊళ్లో ఇదేమిటని అడిగినవాడు లేడు, నాకు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒక ఎండాకాలం ఊళ్లో నీళ్లు అడుగంటాయి. రాజు కోట ముందు పెద్ద బావి తవ్వించాడు. బావులు తవ్వడంలో పేరున్న మనిషి ఒకడు లోపలికి దిగాడు. మధ్యాహ్నానికి ఇసుక పొర తగిలింది, ఒక పక్క గోడ విరిగి అతని మీద కూలింది.

ఊరంతా పరుగెత్తుకొచ్చింది. అతను బతికి ఉంటే తవ్వి తీయాలి. లేకపోతే తవ్వకూడదు, ఎందుకంటే రెండో పక్క గోడ కూడా బీటలిచ్చింది. దిగినవాళ్లనూ మింగేస్తుంది. పని చేయించే మేస్త్రీ ఒడ్డున వంగి చెవి పెట్టాడు.

"ఏం వినబడుతోంది?" అడిగాడు రాజు.

"శబ్దం, ప్రభూ."

"ఏం శబ్దం?"

మేస్త్రీ తెల్లమొహం వేశాడు. "శబ్దమే, ప్రభూ. ఇసుక జారినా శబ్దమే, ఊట పడినా శబ్దమే."

రాజు తల దించుకున్నాడు. "ఒక్కడి కోసం పదిమందిని పోగొట్టుకోలేను. పూడ్చేయండి."

పారలు లేచాయి. అప్పుడు లోపలున్నవాడి భార్య జనాన్ని తోసుకుంటూ వచ్చి, కాళ్లు బావిలోకి వేలాడేసి ఒడ్డు మీద కూర్చుంది.

"పూడ్చండి మారాజా. నన్నూ కలిపి పూడ్చండి."

"అమ్మా, లోపల వట్టి శబ్దమే కదా."

"శబ్దం కాదయ్యా అది! ఆయన నిద్దట్లో అటు తిరిగినా ఇటు తిరిగినా నాకు తెలుస్తాది. దాన్నేదో అనేవాళ్లం, ఆ మాట నా నోటికి రావట్లేదు. తమరే ఒక్కసారి చెవి పెట్టి వినండి."

ఇంకో రాజైతే ఆమెను పక్కకు లాగేయించేవాడు. ఈయన మాత్రం కిరీటం తీసి భటుడి చేతికిచ్చి, ఆ మట్టిలోనే బోర్లా పడుకుని నేలకు చెవి ఆనించాడు. ఊరుకోమని చెయ్యెత్తాడు. అంత జనమూ కిక్కురుమనలేదు.

మొదట అంతా ఒక్కటిగానే వినబడింది. రాజు కళ్లు మూసుకున్నాడు. చిన్నప్పుడు జ్వరంతో పడుకుంటే తల్లి వచ్చి గుమ్మంలో నిలబడేది. మాట్లాడేది కాదు, గాజులైనా కదిలేవి కావు. అయినా అమ్మ ఉందని తెలిసిపోయేది. ఆ తెలియడానికి దాది ఒక మాట వాడేది. రాజు ఆ మాట కోసం తన లోపల తవ్వుకున్నాడు.

"అలికిడి!" అని అరిచాడు. "అలికిడి ఉంది! మనిషి ఉన్నాడు!"

ఆ ఒక్కటి దొరికేసరికి మిగిలినవన్నీ దాని వెంట బిలబిలమంటూ వచ్చేశాయి. ఇది ఇసుక జారే సరసర. అది ఊట బుడబుడ. రెంటికీ నడుమ, ఎడమ పక్కన, మనిషి అలికిడి. రాజు పైకి లేవలేదు, పడుకునే పని చేయించాడు.

"సరసర మొదలైంది, ఆగండి! సద్దుమణిగింది, తవ్వండి. మూలుగు వినబడుతోంది, ఇక మెల్లగా!"

దిగినవాళ్లు పార వేశారు, ఆపారు, మళ్లీ వేశారు. పొద్దు వాలకముందే అతన్ని పైకి లాగారు. ఒళ్లంతా మట్టి, కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. ఆమె "మావా!" అని మీద పడి ఏడ్చింది. ఈలలు, కేకలు, చప్పట్లు, డప్పుల మోత, ఊరంతా కోలాహలం! ఇన్నేళ్లూ నోళ్లలో అణిగి ఉన్న మాటలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. అందరికంటే పెద్ద కేక రాజుదే.

అలసిపోయి రాజు అతని పక్కనే చతికిలబడ్డాడు. "లోపల నీకేం వినబడిందయ్యా?"

"గోడ పడ్డాక ఏమీ వినబడలేదు మారాజా. నా పని అయిపోయిందనుకున్నా. తర్వాత పైన గోల వినబడింది. ఆ గోల చటుక్కున ఆగిపోయింది. అప్పుడనుకున్నా, బతికానని."

"రెండుసార్లూ నిశ్శబ్దమేగా?" అన్నాడు మేస్త్రీ.

"రెండూ ఒకటి కాదయ్యా. మొదటి దాంట్లో ఎవరూ లేరు. రెండో దాంట్లో అందరూ ఉన్నారు."

రాజు లేచి జనం వైపు తిరిగాడు. "ఆ రెండో దాన్ని ఏమంటారు?"

పండితుడొకడు నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. డప్పులవాళ్లు పుల్లలు దించారు. పిల్లలు తల్లుల మొహాల్లోకి చూశారు. ఊరు ఊరంతా ఆ మాట కోసం వెతుక్కుంటూ ఊరుకుంది.

బావి తవ్వేవాడు భార్య భుజం ఆసరాగా లేచి కూర్చున్నాడు.

"ఇదే మారాజా," అన్నాడు. "నేను విన్నది ఇదే."