అవతలి ఒడ్డున పడిన ముడి

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. మీరు పెరుగుతున్న చోట వాగులన్నిటి మీదా వంతెనలే. కారు కిటికీలోంచి చూస్తుంటే ఇవతలి ఒడ్డు ఎప్పుడైపోయిందో, అవతలి ఒడ్డు ఎప్పుడొచ్చిందో తెలియదు. ఈ కథలో వంతెన లేదు. ఒక వాగు, దానికి చెరో పక్కన ఒక అడవి. ఇవతలిది ఇప్పలవనం, అవతలిది వెదురువనం. కొంచెం దగ్గరికి జరగండి.

ఇప్పలవనంలో బండి లాగాలంటే మెడలో గంట ఉండాలి. అది సోకుకి కాదు. దారిలో పాకే తాబేళ్లు, గంతులేసే కుందేలు పిల్లలు ఆ చప్పుడు విని పక్కకి తప్పుకోవడానికి. గంట కట్టేది కొండముచ్చు పెద్దమ్మ. ఏటా కృత్తిక కార్తెలో బండి లాగేవాళ్లంతా వాగొడ్డుకి వచ్చి, పాత తాడు విప్పించుకుని కొత్త తాడుతో గంట కట్టించుకోవాలి. కట్టేముందు పెద్దమ్మ అవతలి ఒడ్డుకి వినపడేలా అడుగుతుంది: "ఈ మెడ మీద మాటుందా?" అక్కడ తప్పు చేసి, దిద్దుకోకుండా వచ్చి ఉంటే నష్టపోయినవాళ్లే ఒడ్డుకొచ్చి కేకేసి చెబుతారు. ఏ తప్పూ లేకపోతే ఎవరూ పలకరు. ఆ నిశ్శబ్దమే జవాబు. వెంటనే ముడి పడుతుంది.

ఆ ఏడు కాటన్న అనే దున్నపోతుకి ఆ ప్రశ్న తలుచుకుంటేనే మేత సయించడం లేదు.

కిందటి వేసవిలో, గంట కట్టించుకున్న కొన్నాళ్లకే, అతను వెదురు తేవడానికి బండితో అవతలికి వెళ్లాడు. తొందరపడి ఇసుకదిబ్బ మీంచి పల్లానికి బండి పరుగెత్తించాడు. ఆ ఇసుకలోనే సూరమ్మ అనే తీతువు పిట్ట గుడ్లు పెట్టుకుంది. తీతువు గూడు కట్టదు, ఉత్త నేల మీదే పెడుతుంది. గుడ్లు చూస్తే గులకరాళ్లలాగే ఉంటాయి. చక్రం వాటి మీంచి పోయింది.

వెదురువనం పెద్ద, ఎలుగుబంటి, తీర్పు చెప్పాడు. "సూరమ్మ మళ్లీ గుడ్లు పెట్టి, పిల్లలు బయటికొచ్చేదాకా నువ్వు మా రేవులో బళ్లకి ముందు నడిచి దారి చూపాలి. అందాకా కాడి కింద మెడ పెట్టకూడదు."

కాటన్న తలూపాడు. తలూపి, తెల్లారేసరికి వాగు దాటి వచ్చేశాడు. అది వాళ్ల వనం, ఇది మన వనం అనుకున్నాడు. ఏడాదంతా బండి లాగాడు. ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అడుగుతారు. గంట పోతే బండి పోతుంది. బండి పోతే చుక్కి గతేమిటి? చుక్కి అతని దూడ. పుట్టుకతోనే ముందు కాలు వంకర. వానలు పడ్డాయంటే వాగు పొంగి వాళ్లుండే పల్లం మునుగుతుంది. మిగతా పిల్లలు నడిచి గుట్టెక్కుతారు. చుక్కి బండిలోనే ఎక్కాలి. ఇంకొకరిని అడుగుదామంటే, ఆ రోజున ఎవరి బండి వాళ్లింటి ముసలివాళ్లకీ సామాన్లకే చాలదు.

దిగులుగా కూలబడ్డ కాటన్న దగ్గరికి నక్క గంగులు వచ్చాడు.

"ఏం బావా! దున్నపోతు మీద వాన కురిసినట్టు అంటారు లోకులు. నువ్వేంటి, మంచు బొట్టు పడ్డా వణికేలా ఉన్నావు?"

కాటన్న దాచలేక అంతా చెప్పేశాడు.

"ఇంతేనా? అడుసు తొక్కావు సరే. కాలు కడుక్కోవడానికి మళ్లీ అంత దూరం పోవాలా? గంటల రోజు పొద్దున్నే నేను అవతలుంటా. తీతువుల్ని తరిమేస్తా. పలికేవాళ్లే లేకపోతే మాటెక్కణ్ణించి వస్తుంది?"

"పాపంరా గంగులూ. అసలే గుడ్లు పోయిన పిట్ట."

"పాపం సంగతి నీ దూడ గుట్టెక్కాక ఆలోచిద్దాం."

"మరి నీకేం కావాలి?"

"బావా బావా అంటూ నీ దగ్గర అడుగుతానా! ఏదో, వానాకాలమంతా నీ బండిలో ఓ మూల కూర్చోబెట్టుకో. నా కాళ్లకి బురద సరిపడదు."

పక్కన చుక్కి తోకతో ఈగల్ని తోలుకుంటోంది. "నాన్నా, ఈసారి బండిలో నేనే ముందు కూర్చుంటా," అంది.

"సరే," అన్నాడు కాటన్న. ఆ సరే దూడ తనకనుకుంది. నక్క తనకనుకున్నాడు.

గంటల రోజు రానే వచ్చింది. ముందు ఎద్దులు, తర్వాత గాడిదలు. "ఈ మెడ మీద మాటుందా?" అవతల నిశ్శబ్దం. ఇవతల ముడి. కాటన్న వంతు వచ్చింది. పెద్దమ్మ అతని పాత తాడు విప్పింది. మెడ ఒక్కసారిగా తేలికైపోయింది.

"కాటన్న మెడ మీద మాటుందా?"

అవతలి ఇసుక ఖాళీగా ఉంది. గంగులు పని బాగానే చేశాడు. పెద్దమ్మ కొత్త తాడు అందుకుంది.

నక్క అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. గంగులుకి జన్మలో గంట లేదు. ఆ రోజు ఏం జరుగుతుందో ఎన్నడూ వచ్చి చూడలేదు. రెల్లు పొదలో నక్కి కూర్చున్నవాడికి ఆ నిశ్శబ్దం భయమేసింది. ఎవరూ పలక్కపోతే ముసలమ్మకి అనుమానం రాదూ? నాలుగు మంచి మాటలు పడేస్తే పోలా? గొంతు సన్నం చేసి కూశాడు:

"ఏ మాటా లేదమ్మా! కాటన్న బంగారం! చీమకైనా దారిచ్చే దున్న!"

పెద్దమ్మ చేతిలో తాడు ఆగిపోయింది.

"తప్పులేని మెడకి అవతలి ఒడ్డు ఏనాడైనా పలికిందా?" అంది. "పైగా తీతువు ఇంత తీయగా కూయడం నేనెప్పుడూ వినలేదు."

"ఆ తీతువుకి గుబురు తోక కూడా ఉంది పెద్దమ్మా! రెల్లులోంచి కనబడుతోంది," అని ముసలి గాడిద పకపకా నవ్వింది.

కాటన్నకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. గుంపులో చుక్కి తనవంకే చూస్తోంది. మింగేశాడు.

"గుడ్లు తొక్కాను పెద్దమ్మా. తీర్పు చెబితే పారిపోయి వచ్చాను. ఈ నక్క ఎత్తుకి సరే అన్నదీ నేనే. కానీ నా దూడ గుట్టెలా ఎక్కుతుంది?"

పెద్దమ్మ కొత్త తాడు పక్కన పెట్టింది. తర్వాత అతని మెడ నిమిరింది. "నువ్వు చెడ్డవాడివని నేననను నాయనా. కానీ ఈ ముడి అవతల పడింది. దాన్ని విప్పే చెయ్యి నాది కాదు. వాళ్ల మాట తోసేసి నేను గంట కడితే, రేపు నా మాట వాళ్లు తోసేస్తారు. అప్పుడు రెండు ఒడ్డుల్లోనూ పిల్లలు దారి దాటలేరు. సూరమ్మ మళ్లీ గుడ్లు పెట్టిందట. వాగు ఇంకా మోకాలి లోతే ఉంది. ఇవాళే వెళ్లు."

"పిల్లలయ్యేలోగా వాన పడితే?"

"పడకూడదని నేనూ దణ్ణం పెట్టుకుంటా. చుక్కి మేత నేను చూస్తాలే."

కాటన్న వాగు దాటాడు. సూరమ్మ రెక్కలు విదిలించి ఎదురొచ్చింది.

"తరిమించావు. ఇక తొక్కడానికొచ్చావా?"

"నడవడానికొచ్చానమ్మా."

నడిచాడు. రోహిణి కార్తె ఎండలో రేవు దాటే ప్రతి బండికీ ముందు నడుస్తూ, "మెల్లగా! ఇక్కడ గుడ్లున్నాయి!" అని గొంతు పోయేలా అరిచాడు. మధ్యాహ్నం ఇసుక పెనంలా కాలేది. సూరమ్మ పొట్ట తడుపుకుని వచ్చి గుడ్లు చల్లబరచడానికి నీళ్లకి పోయేది. ఆ కాసేపూ కాటన్న తన నీడ గుడ్ల మీద పడేలా నిలబడేవాడు. అది తీర్పులో లేదు. మొదట్లో సూరమ్మ వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్లేది. తర్వాత చూడడం మానేసింది.

మృగశిర వచ్చింది. పడమట మబ్బు కమ్ముకున్న పూట గుడ్లు చిట్లాయి. ఎలుగుబంటి వచ్చి చూసి, "మా ముడి విప్పేశాం, పో," అన్నాడు. కాటన్నకి దిబ్బ మీంచి పరుగెత్తాలనిపించింది. పరుగెత్తలేదు. అడుగులో అడుగు వేసుకుంటూ దిగాడు.

ఇవతల పిల్లలంతా గుట్ట దారి పట్టారు. చుక్కి ఒక్కతే బండి పక్కన నిలబడి ఉంది. పెద్దమ్మ ఉరుముల మధ్య గొంతెత్తింది.

"కాటన్న మెడ మీద మాటుందా?"

అవతల సూరమ్మ ఇసుక మీదే ఉంది, పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని. తీతువు కూత కీడంటారు. ఆ పూట సూరమ్మ ముక్కు తెరవలేదు. అంత కమ్మని నిశ్శబ్దం కాటన్న జన్మలో వినలేదు.

ముడి పడింది. గంట మోగింది.

"ఒరే గంగులూ," అంది పెద్దమ్మ, బండెక్కుదామని వెనక చేరిన నక్కని చూసి, "నీ గొంతు బాగుందిరా. వానాకాలమంతా ఈ బండికి ముందు నడిచి, దారిలో పిల్లల్ని తప్పుకోమని నువ్వే కూయాలి. కాదన్నావో, వెదురువనం తీతువులకి అప్పగిస్తా."

బండి గుట్టెక్కుతుంటే చుక్కి ముందు కూర్చుని నవ్వుతోంది. గంగులు పొట్టదాకా బురదలో ఉన్నాడు.

"బావా, ఒక్క మలుపు దాకా ఎక్కనీయవా?"

"గొంతెత్తు గంగులూ, అదిగో తాబేలు!"

పిల్లలూ, ఏ ఒడ్డున పడిన ముడి ఆ ఒడ్డునే విప్పించుకోవాలి. వాగు దాటినంత మాత్రాన తప్పు కరిగిపోదు.

ఇది మీ దగ్గరే ఆపేయకండి. బళ్లో మీ పక్కన కూర్చునేవాళ్లకి, మీకొచ్చిన మాటల్లోనే చెప్పండి. నక్క కూసే చోట మాత్రం గొంతు సన్నం చెయ్యడం మరిచిపోకండి.