మూడోది చేతిలో ఉంచుకున్న గవరయ్య

అనగా అనగా, కొండకి రోడ్డు అప్పుడే పుట్టి ఇంకా పాకుతూ ఉన్న రోజులవి. పైన ఎర్రమెట్ట, నడుమ జీలుగుపాడు, దిగువన నీలిలోవ. మూడూళ్ళకీ కలిపి ఒకటే బండి, పికప్ బండి. దాన్ని తోలేవాడు గవరయ్య.

బండి గవరయ్యది కాదు, నీలిలోవ షావుకారుది. గవరయ్యది తోలడమే. చింతపండు దింపేవాడు, ఉప్పు ఎక్కించేవాడు, అల్లం బస్తాల మీద సంతకెళ్ళే ఆడవాళ్ళని కూర్చోబెట్టుకునేవాడు. మంచివాడే. కానీ ఒక చోట కుదురుగా ఉండి ఎరగడు. కంచం ముందు కూర్చున్నా ఒక మోకాలు గుమ్మం వైపే లేచి ఉండేది. పెళ్ళిపీటల మీంచి కూడా మధ్యలో లేచి, బయట బండి ఎవరో కదుపుతున్నారేమోనని చూసొచ్చాడట. "మీ అమ్మ నిన్ను నడస్తా నడస్తా కన్నాదేటి?" అని పెళ్ళాం నవ్వేది. గవరయ్య కూడా నవ్వేవాడు, నవ్వుతూనే లేచిపోయేవాడు.

గవరయ్యకి కాలు నిలవదు. మూడూళ్ళలో ఆ మాట తెలియనివాళ్ళు లేరు.

ఒక శ్రావణంలో కొండకి ముసురు పట్టింది. ఎర్రమెట్టలో దాలినాయుడి భార్య సూరీడమ్మకి తెల్లవారుతూనే నొప్పులు మొదలయ్యాయి. తొలి కానుపు. మంత్రసాని కడుపు మీద చెయ్యి వేసి చూసింది, మళ్ళీ చూసింది, చేతులు కడుక్కుని బయటికొచ్చింది. బిడ్డ అడ్డం తిరిగిందనీ, తన వల్ల కాదనీ, కిందికి ఆసుపత్రికి తీసుకుపొమ్మనీ చెప్పింది. ఆసుపత్రి వాగుకి అవతల ఉంది. వాగు పొంగితే బండి దాటదు. పైన కురిసిన వాన వాగులోకి దిగడానికి ఎంతో సేపు పట్టదు.

గవరయ్య అప్పటికే బండి తెచ్చి వాకిట్లో పెట్టాడు. వెనక గడ్డి పరిచి, పైన టార్పాలిన్ కట్టి, సూరీడమ్మని పడుకోబెట్టారు. అత్త పోలమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దాలినాయుడు ముందు ఎక్కాడు. బండి కదిలింది.

వాన పడుతూనే ఉంది. మబ్బు రోడ్డు మీదికి దిగి కూర్చుంది. మలుపు మలుపుకీ గవరయ్య హారన్ కొడుతున్నాడు. వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. గుంతల రోడ్డు. ఒక గుంతలో చక్రం దిగి లేచింది. లేచీ లేవగానే ఇంజను టక్కున ఆగిపోయింది.

తాళం తిప్పాడు. సెల్ఫు తిరిగింది, ఇంజను అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు, అంతే. వెనక నుంచి సూరీడమ్మ మూలుగు వినిపించింది. గవరయ్య దూకి బానెట్ ఎత్తాడు. బ్యాటరీ వైర్లు బిగువుగానే ఉన్నాయి. డీజిలు ఉంది. ఇంకేం పోతుంది? ఇంజనుకి డీజిలు వదిలే చోట ఒక బుడిపె ఉంటుంది. దానికి కరెంటు అందితేనే తెరుచుకుంటుంది, అందకపోతే మూసుకుపోతుంది. ఆ కరెంటు ఫ్యూజు మీదుగా రావాలి.

స్టీరింగు కింద దూరి ఫ్యూజుల పెట్టె మూత పీకాడు. ఒక్కొక్కటీ లాగి వెలుతురుకి పట్టి చూశాడు. చిన్న బిళ్ళలు, గాజులాగా ఉంటాయి, లోపల సన్నటి తీగ. ఒకటి బాగుంది. ఇంకొకటి బాగుంది. నీలం రంగుదాని లోపల తీగ తెగి, మసి పట్టి ఉంది.

వేరేది లేదు. నీలందాని చోట నీలందే పెట్టాలి. పెట్టెలో నీలంవి ఇంకా మూడున్నాయి. పాటల పెట్టెకి ఒకటి, హారన్‌కి ఒకటి, వైపర్లకి ఒకటి.

పాటలెవరికి కావాలి? గవరయ్య పాటల పెట్టెది లాగి ఇక్కడ గుచ్చాడు. తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. పోలమ్మ వెనక నుంచి కొండదేవతకి దండం పెట్టుకుంది. బండి రెండు మలుపులు దిగింది. అక్కడ రోడ్డుకి అడ్డంగా నీళ్ళు కోసిన గాడి. చక్రం దిగి లేచింది. ఇంజను టక్కున ఆగిపోయింది.

గవరయ్యకి కాలు నిలవలేదు. దూకాడు, దూరాడు, లాగాడు, చూశాడు. తీగ తెగి ఉంది. క్షణం ఆలోచించలేదు. హారన్‌ది లాగాడు, గుచ్చాడు, తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. ఇప్పుడు మలుపుల్లో హారన్ లేదు. దాలినాయుడు కిటికీలోంచి తల బయటపెట్టి "ఓహోయ్, బండొస్తంది" అని అరుస్తూ పోతున్నాడు. ఇంకాస్త దిగేసరికి పెద్ద మలుపు వచ్చింది. ఒక పక్క బండరాయి, ఒక పక్క లోయ. మలుపులో రాళ్ళు తేలి ఉన్నాయి. బండి ఎగిరి పడింది. ఇంజను టక్కున ఆగిపోయింది.

ఇక మిగిలింది ఒకటే.

గవరయ్య వైపర్లది లాగాడు. అది తడి చేతిలో చింతగింజంత ఉంది. కింద వాగు హోరు అప్పటికే వినిపిస్తోంది. వెనక సూరీడమ్మ కేక పెట్టింది, ఆ కేక మధ్యలోనే ఆగిపోయింది. దాలినాయుడు గవరయ్య భుజం పట్టి ఊపాడు. పెట్టెయ్యమన్నాడు, త్వరగా పెట్టెయ్యమన్నాడు, ఎంత దూరం పోతే అంత దూరమే పోదామన్నాడు. లేదంటే మోసుకుపోదామన్నాడు. మంచం లేదు, మోసే మనుషులు లేరు, ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసే ఏడుస్తున్నాడు.

గవరయ్య బండి చుట్టూ తిరిగాడు. ముందుకెళ్ళాడు, వెనక్కెళ్ళాడు. ఫ్యూజు గుచ్చబోయాడు, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ గుచ్చబోయాడు. పెడితే కాలుతుందేమో. పెట్టకపోతే పొద్దు పోతుంది. అతని కాళ్ళ కింద బురద గొయ్యి పడింది.

అప్పుడు టార్పాలిన్ పక్కకి జరిగింది. సూరీడమ్మ మొహం కనిపించింది. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. పెదవి కొరుక్కుని రక్తం వచ్చింది.

"అన్నియ్యా, తిరక్కు," అంది. "నాను ఓర్సుకుంతాను. నువ్వు నింపాదిగా సూడు."

అంత నొప్పిలో ఉన్న మనిషి తనకి ధైర్యం చెబుతోంది. గవరయ్య నిలబడిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ ఒక్కసారి అతని కాళ్ళు నిలిచాయి. ఫ్యూజుని గుప్పిట్లో పెట్టుకుని, వానలో, బండి ముందు బురదలో కూర్చున్నాడు.

కూర్చుంటే ఆలోచన వచ్చింది. చదును మీద బండి నడిచింది. మూడుసార్లూ గతుకులోనే ఆగింది. అంటే ఫ్యూజుది తప్పు కాదు. బండి కుదిపినప్పుడు ఏదో దేనికో తగులుతోంది. తగిలినప్పుడల్లా ఫ్యూజు తను కాలిపోయి బండిని కాపాడుతోంది.

ఎడం చేతి గుప్పిట విప్పలేదు. కుడిచేత్తో పెట్టె దగ్గర వైరుని పట్టుకున్నాడు. పాముని తడిమినట్టు తడుముతూ పోయాడు. తొందరగా కాదు. జానెడు, ఇంకో జానెడు. డాష్‌బోర్డు వెనక బాగుంది. ఇంజను పక్కన బాగుంది. ఇంజను వెనక, చీకట్లో, ఒక ఇనప పట్టీ దగ్గర వేలికి చురుక్కుమని తగిలింది. వంగి చూశాడు. పట్టీకి రాసుకుని రాసుకుని వైరు తొడుగు అరిగిపోయింది. రాగి బయటపడి నల్లబడింది. గతుకు వచ్చినప్పుడల్లా ఆ రాగి ఇనుముకి తగులుతోంది.

సీటు కింద పాత సైకిలు ట్యూబు ముక్క ఉంది. వైరుని పొడి గుడ్డతో తుడిచి, ట్యూబు ముక్కని దాని మీద నాలుగు చుట్లు చుట్టి, పట్టీకి దూరంగా లాగి కట్టాడు. చేత్తో ఊపి చూశాడు. తగల్లేదు. అప్పుడు గుప్పిట విప్పాడు. మూడోది గుచ్చాడు. తాళం తిప్పాడు.

ఇంజను అందుకుంది.

ఇప్పుడు హారన్ లేదు, వైపర్లు లేవు. దాలినాయుడు కిటికీలోంచి చెయ్యి చాపి తువ్వాలుతో ముందు అద్దం తుడుస్తున్నాడు. మలుపు మలుపుకీ వెనక నుంచి పోలమ్మే ఓహోయ్ అని అరుస్తోంది. ఒక గతుకు వచ్చింది, బండి నడిచింది. ఇంకో గతుకు వచ్చింది, బండి నడిచింది. వాగు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు చక్రం సగానికి ఉన్నాయి. గవరయ్య ఆపలేదు. నీళ్ళు రెండు పక్కలా విరుచుకుపడ్డాయి. వాళ్ళు అవతలి గట్టు ఎక్కిన కాసేపటికే వాగు రోడ్డుని మింగేసింది.

పొద్దుగూకే లోపల ఆసుపత్రిలో సూరీడమ్మకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బతికారు. దాలినాయుడు ఆ మాట చెప్పడానికి పరిగెత్తుకుంటూ బయటికొచ్చాడు. గవరయ్య ఎక్కడా లేడు. వాగు తగ్గిందేమో చూడడానికి వెళ్ళాడట. కాలు మళ్ళీ మొదలైంది.

ముసురు వదిలాక గవరయ్య ఆ పెద్ద మలుపు దగ్గర బండరాయి పగులులో ఒక రేకు డబ్బా ఇరికించాడు. అందులో అన్ని రంగుల ఫ్యూజులూ వేశాడు. అప్పటికి కొండకి ఇంకో రెండు బళ్ళు వచ్చాయి. ఆ డ్రైవర్లు ఎందుకని అడిగితే, కావలసినవాళ్ళు తీసుకోవచ్చునని చెప్పాడు. కానీ ముందు బండి దిగి కాసేపు కూర్చోవాలనీ, ఎందుకు పోయిందో చూసుకున్నాకే డబ్బా ముట్టాలనీ అన్నాడు. ఆ మాట కూడా అతను నిలబడి చెప్పలేదు, నడుస్తూనే చెప్పాడు.

కొన్నేళ్ళకి గవరయ్య పోయాడు. ఏ జబ్బూ లేదు. వేసవిలో నీలిలోవ నుంచి పైకి నడిచి వస్తూ, దారి పక్కన ఒరిగిపోయాడు. బిడ్డలు లేరు. పెళ్ళాం అంతకుముందే పోయింది. తలుచుకునేందుకు ఇంట్లో మనిషి లేదు. డబ్బాలో ఉన్నవి ఒక్కొక్కటీ అయిపోయాయి. చివరికి వాన నీళ్ళు మిగిలాయి.

ఆ సంగతి సూరీడమ్మకి తెలిసింది. కూతుర్ని వెంటబెట్టుకుని కొండ దిగి, బజార్లో మోటారు సామాన్ల కొట్టుకి వెళ్ళింది. నీలం రంగు ఫ్యూజు కావాలంది. ఏ బండికమ్మా అని కొట్టువాడు అడిగాడు.

"నాకు బండి నేదు బావూ," అంది సూరీడమ్మ. "దారికి కావాల."

ఆ ఫ్యూజు తెచ్చి, డబ్బాలో నీళ్ళు ఒంపేసి, చీర కొంగుతో తుడిచి, అందులో వేసింది. మర్నాడు దాలినాయుడు ఒకటి వేశాడు. తర్వాత డ్రైవర్లు వేశారు. తర్వాత సంతకి పోయే ఆడవాళ్ళు వేశారు. డబ్బా తుప్పు పడితే ఇంకో డబ్బా పెట్టారు.

ఆ పెద్ద మలుపుని ఇప్పుడు గవరయ్య మలుపు అంటారు. కొండ మీద బండి ఆగితే అక్కడి డ్రైవరు ముందు దిగి కింద కూర్చుంటాడు. తర్వాతే చెయ్యి పెడతాడు. అన్నదమ్ములు పోట్లాడుకుని, కలిసి, మళ్ళీ పోట్లాడుకుంటే, పెద్దవాళ్ళు ఇద్దరినీ కూర్చోబెట్టి, "రెండు కాల్సీసారు, మూడోది సేతిలో ఉంచుకోండి" అంటారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు ఆ మలుపు దాటేటప్పుడు పసుపూ కుంకుమా వెయ్యదు, కొబ్బరికాయ కొట్టదు. అత్త చేతికిచ్చిన ఫ్యూజు ఒకటి డబ్బాలో వేసి, వాన పడుతున్నా సరే, కాసేపు ఆ రాయి మీద కూర్చుని లేస్తుంది.