పైడమ్మ పదిహేడు ప్లేట్లు

అనగనగా ఒక ఊళ్ళో, రాజులింకా గద్దెలు దిగని కాలంలో, గ్రామఫోను పెట్టెలు అప్పుడప్పుడే వచ్చిన రోజుల్లో, పైడమ్మ అని ఒక కోడలుండేది. షావుకార్ల ఇళ్ళల్లో అంట్లు తోమేది. అంచు విరిగిందనీ గీత పడిందనీ వాళ్ళు పారేసిన పాటల ప్లేట్లు ఒక్కొక్కటే కొంగులో చుట్టి తెచ్చుకునేది. ఎన్ని? పదిహేడు! పెట్టె కూడా పారేసిందే. దానికి బూరా లేకపోతే వాళ్ళ మామ తాటాకుతో అల్లిపెట్టాడు. ఇనప ముల్లు ప్లేటుని కోసేస్తుందని తుమ్మముల్లు సానబట్టి పెట్టేది పైడమ్మ. ఎంత మెత్తగా పలికేదనీ! బడి గడప తొక్కని మనిషికి ఎవరు నేర్పారర్రా ఆ తెలివి? పనిచేసే చేతులే నేర్పాయి.

ఇంట్లో ఒంటిచెవి కుక్క వీరన్న, బూడిదరంగు పిల్లి సింగారి, కుంటిబాతు గున్నమ్మ. సాయంత్రమైతే ఇక చూడాలి. కీ తిప్పితే పెట్టె, పెట్టె మీద ప్లేటు, ప్లేటు మీద ముల్లు, ముల్లు తాకితే పాట, పాటకి కుక్క, కుక్క పక్కన పిల్లి, పిల్లి పక్కన బాతు, అందరి మధ్యా మహారాణిలా మన పైడమ్మ! ఆ ఇంటికో చట్టముండేది. ఒళ్ళో ఎవరైనా చేరితే ప్లేటు అయ్యేదాకా కదలకూడదు. ఏ రాజైనా రాశాడా అంత మంచి చట్టం?

ఊఁ కొడుతున్నారా? చంటీ, కళ్ళు మూస్తున్నావు.

ఆ ఊరేలే రాజుకీ ప్లేట్లుండేవి, పన్నెండొందలు. వింటే పాట అరిగిపోతుందని ఆయన భయం. అందుకని ప్లేటుకి సంచీ, సంచులకి బీరువా, బీరువాకి తాళం, తాళానికి కావలివాడు, కావలివాడికి తుపాకీ! పాడిన గొంతులు ఊరివి, తాళంచెవి ఆయనది. అదీ వాళ్ళ న్యాయం!

పైడమ్మ ప్లేట్ల సంగతి ఎవరో చెవినేశారు. రాజు తనే బండి కట్టించుకుని వచ్చేశాడు. కుక్కలూ పిల్లులూ దొర్లే కొంపలో పాటలా, గోళ్ళు గీరవా, కోటలో అయితే భద్రంగా ఉంటాయి, బండిలో పెట్టించు అన్నాడు. అవి పోతే ఆ ఇంట్లో సాయంత్రమే లేదు మరి. అయినా పైడమ్మ తల వంచలేదు.

"పట్టుకెళ్ళండి దొరా. పట్టుకెళ్ళేదేంటో ఒక్కటి విని మరీ పట్టుకెళ్ళండి" అంది.

సరేనని చాప మీద కూర్చున్నాడు. పేరు తెలియని ఎవరో తల్లి పాడిన జోలపాట పెట్టింది. సగం కాగానే, చాలు చాలు, అరిగిపోతుంది అని లేవబోయాడు. లేస్తే కదా! ఒళ్ళో సింగారి ముడుచుకుంది. పాదం మీద వీరన్న గడ్డం ఆన్చాడు.

"కూర్చోండి దొరా, ఇంకా అవలేదు" అని కసిరింది పైడమ్మ. గున్నమ్మ కూడా మెడ చాచి బుస్సుమంది.

రాజుని కూర్చోమని కసిరినవాళ్ళు అంతదాకా లేరు! బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. పుట్టాక ఒక పాట చివరిదాకా వినడం అదే మొదలు. ప్లేటు ఆగింది. ఆ నిశ్శబ్దంలో పిల్లి గుర్రుగుర్రుమంటుంటే, పాట ఇంకా అయిపోలేదేమో అనిపించిందట. కళ్ళు తుడుచుకుని, నావీ వింటాను అంటూ కోటకి పరిగెత్తాడు.

బీరువా తీశాడు. ఏముంది! ప్లేట్లు లక్కతో చేసినవి కదా. రేకుల గదిలోని బీరువాలో ఒకదాని మీద ఒకటి పడేస్తే ఎండాకాలానికి అప్పడాల్లా వంకర్లు పోయాయి. ఒక్కదాని మీదా ముల్లు నిలవదు.

మర్నాడు మళ్ళీ దిగాడు. ఇక రాజ్యంలో పాడేవి నీ పదిహేడే, ఇలా ఇచ్చెయ్ అన్నాడు. చూశారా బుద్ధి!

పైడమ్మ నవ్వింది. "ఇవి లాక్కుంటే మీకు పదిహేడు. నన్ను అడిగితే పన్నెండొందలు. వంకర తియ్యడం నాకొచ్చు. కానీ బాగైన పాట మళ్ళీ తాళంలోకి వెళ్ళదు. ఇంటికి ఇన్నని పంచాలి. మీది కూడా ఒక ఇల్లే."

ఇంత నోరా అని రాజు పళ్ళు కొరికాడు. కానీ జోలపాట ఇంకా చెవుల్లోనే ఉంది. అలాంటివి పన్నెండొందలు! చివరికి తాళంచెవి చాప మీద పెట్టేశాడు.

పైడమ్మ రెండు అద్దాల మధ్య ఒక్కో ప్లేటు పెట్టి లేతెండలో ఉంచింది. మెత్తబడ్డాక అద్దం మీద రాయి పెట్టి నీడలో చల్లార్చింది. ఊరు ఊరంతా సాయం పట్టింది. పంపకాల రోజున, మీ చిన్నమామయ్య గోడల మీద రాస్తాడే "దున్నేవాడిదే భూమి" అని, అలాగే అందరూ "వినేవాడిదే పాట" అని అరిచారు. కోడలంటే అదీ!

రాజు వాటాకి నాలుగు ప్లేట్లొచ్చాయి. మిగతావి వినాలంటే గడప గడపకీ వెళ్ళాలి. చెప్పులు బయట విప్పి, "రావచ్చా అమ్మా?" అని అడగడం ఆ వయసులో నేర్చుకున్నాడు పాపం. నేర్చుకున్నాక, పిలవని ఇల్లు లేదు.

అందుకే మంచిది దొరికితే దాచుకోకండి, నలుగుర్నీ పిలవండి, నాలుక్కాళ్ళ వాళ్ళని కూడా. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దూరండి.