కోతి చెప్పిన మూడు చోట్లు

అనగనగా ఒక అడవి. మామూలు అడవి కాదు పిల్లలూ, ఏరు సముద్రంలో కలిసే చోట ఉప్పునీటిలో నిలబడ్డ మడ అడవి. అక్కడ దారులుండవు, కాలువలే ఉంటాయి. రోజుకి రెండుసార్లు సముద్రం పొంగి కాలువలు నిండుతాయి. దాన్ని పోటు అంటారు. రెండుసార్లు నీరంతా వెనక్కి లాగేస్తుంది. అప్పుడు మిగిలేది బురద. ఆ బురదలో కాలు పెట్టినవాడు మళ్లీ కాలు తీసుకున్నట్టు నేనైతే వినలేదు.

ఆ అడవిలో వీర్రాజు అనే కోతి ఉండేవాడు. అతనికో దోనె, దాన్ని తొయ్యడానికో వెదురు గెడ. భార్య మంగాయమ్మ, ఇద్దరు పిల్లలు.

అక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఒంటరిగా పడవ తీసేవాడు ఎక్కడికి వెళ్తున్నాడో, ఎప్పటికి వస్తాడో రేవులో ఉండే తాబేలు తాతకి చెప్పాలి. చెప్పిన వేళకి రాకపోతే అందరూ ఆ చోటికి వెళ్లి వెతుకుతారు. మంచి కట్టుబాటే. చిక్కల్లా ఒక్కటే. తాతకి చెబితే కొంగ మామకి చెప్పినట్టు. కొంగ మామకి చెబితే ఇంకెవరికీ చెప్పక్కర్లేదు.

ఒకనాడు వీర్రాజుకి ఏటి మొగలో, నీరు సముద్రంలో పడే చోట, ఒక దిబ్బ మీద నేరేడు చెట్టు కనబడింది. కొమ్మ కనబడకుండా కాసింది.

"కొంగ మామకి తెలిస్తే టెంకలు కూడా మిగలవు," అనుకున్నాడు వీర్రాజు. మంగాయమ్మకీ చెప్పలేదు. ఆవిడకి ఏడుగురు అన్నదమ్ములు. ఏడుగురూ తిండి దగ్గర ఏ లోపమూ లేనివాళ్లు.

మొదటి రోజు తాతకి తేనెకని చెప్పి వెళ్లాడు. కడుపునిండా తిని, నల్లబడ్డ మూతి కాలువలో కడుక్కుని వచ్చాడు. రెండో రోజూ అంతే. అబద్ధం రెండుసార్లు అచ్చొస్తే అది అబద్ధమని చెప్పినవాడే మరిచిపోతాడు.

మూడో రోజు పొద్దున్నే ముసురు పట్టింది.

"ఈ వానలో ఎక్కడికి?" అంది మంగాయమ్మ.

"పీతల దిబ్బకి."

"ఒక్కడివే ఎందుకు? మా తమ్ముణ్ణి తోడు తీసుకెళ్లు."

"మీ తమ్ముడు ఎక్కితే దోనెకి నేను బరువవుతాను," అని వీర్రాజు బయటపడ్డాడు.

రేవులో తాబేలు తాత తల బయటపెట్టాడు. "ఎక్కడికిరా మనవడా?"

"తేనెపాయకి తాతా. మధ్యాహ్నానికి వచ్చేస్తా."

"మొన్నా తేనెకే, నిన్నా తేనెకే. తేనె చుక్క రాలేదు గానీ నీ పొట్ట ముందుకొచ్చింది."

"తేనెటీగలు ఎక్కువున్నాయి తాతా."

"ఈగల్ని తింటున్నావేంట్రా?"

వీర్రాజు గబగబా దోనె తోశాడు. కాలువ మలుపులో ఒంటికాలి మీద కొంగ మామ నిలబడి ఉన్నాడు. చేపల కోసమంటాడు. కబుర్ల కోసమని అందరికీ తెలుసు.

"ఏమోయ్ అల్లుడూ, ఎక్కడికి?"

"మా అత్తారింటికి మామా."

"అత్తారింటికి నవ్వుతూ వెళ్లేవాణ్ణి ఇన్నాళ్లకి చూశాను," అన్నాడు కొంగ మామ.

అలా వీర్రాజు ఒక్క పొద్దులో మూడు చోట్లు చెప్పాడు. వెళ్లింది నాలుగో చోటికి.

చెట్టెక్కి తింటూ కూర్చుంటే పొద్దు తెలియలేదు. దిగి చూసేసరికి నీరు సముద్రం వైపు లాగేస్తోంది. దోనె ఎక్కి బలమంతా పెట్టి గెడ వేశాడు. గెడ బురదలోకి దిగి అక్కడే ఉండిపోయింది.

గెడ దిగబడితే గెడ వదిలెయ్యాలి, పడవ వదలకూడదు. ఆ అడవిలో పాలుతాగే పిల్లలకి కూడా తెలిసిన మాట అది. వీర్రాజుకీ తెలుసు. కానీ కోతి చెయ్యి పట్టుకోవడం నేర్చినంత బాగా వదలడం నేర్వదు. గెడ పట్టుకునే ఉన్నాడు. కాళ్ల కింద నుంచి దోనె జారిపోయింది. అలా తేలుతూ మొగ దాటి సముద్రంలోకి వెళ్లిపోయింది.

వీర్రాజు గెడ మీద మిగిలాడు. నీరు లాగేస్తున్నప్పుడు ఈదితే దోనె వెనకే సముద్రంలోకి వెళ్లాలి. నీరు పూర్తిగా తీశాక దిగుదామంటే చుట్టూ బురద. వాన ఆగలేదు. చేతులు కొయ్యబారుతున్నాయి.

మధ్యాహ్నం దాటింది. రేవులో అందరూ పోగయ్యారు.

"తేనెపాయకి పదండి. నాతో చెప్పాడు," అన్నాడు తాబేలు తాత.

"నీతో అబద్ధం చెప్పుంటాడు. నాకు చెప్పిందే నిజం. అత్తారింట్లో ఉన్నాడు," అన్నాడు కొంగ మామ.

"మా అమ్మ ఇంటికి నన్ను వదిలి ఎందుకు వెళ్తాడు? పీతల దిబ్బకి వెళ్లాడు. కట్టుకున్నదాన్ని, నాకు తెలియదా?" అంది మంగాయమ్మ.

వీర్రాజు ఎక్కడున్నాడన్నది కాసేపు అందరూ మరిచిపోయారు. ఎవరితో నిజం చెప్పాడన్నదే పెద్ద మాట అయింది. అది తేలేలోగా మళ్లీ పోటు మొదలైంది. చివరికి ముగ్గురూ మూడు వైపులకి వెళ్లారు. మంగాయమ్మ అన్నదమ్ములు ఏడుగురూ గొంతు పోయేలా పిలిచారు. తిండికే కాదు, బావ కోసం అరవడానికీ వాళ్లు ముందే ఉన్నారు. కానీ మొగ వైపు ఒక్కరూ వెళ్లలేదు. అటు వెళ్తానని వీర్రాజు ఎవరికీ చెప్పలేదు కదా.

గెడ మీద వీర్రాజుకి నీరు నడుము దాకా వచ్చింది. తర్వాత గుండెల దాకా వచ్చింది. ఇప్పుడు ఈదుదామన్నా కొయ్యబారిన చేతులు కదలడం లేదు.

"మొగలో ఉన్నాను!" అని అరిచాడు. "నేరేడు దిబ్బ దగ్గర! మంగా, నేరేడు దిబ్బ!"

మూడు రోజుల్లో అతను చెప్పిన మొదటి నిజం అది. వినడానికి వాన తప్ప ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున ముసురు విడిచింది. కొంగ మామ ఎగురుతూ మొగలో గెడ చూశాడు. గెడ ఒక్కటే ఉంది. పైకొస దగ్గర వెదురు మీద గోళ్ల గీతలున్నాయి. రెండుసార్లు పిలిచి, తిరిగొచ్చి మంగాయమ్మకి చూసింది చూసినట్టు చెప్పాడు. జీవితంలో మొదటిసారి దానికి ఏమీ కలపలేదు.

 మంగాయమ్మ అడిగింది.

"మామా, నిన్న మనం అటు వెళ్లుంటే?"

కొంగ మామ రెండో కాలు కూడా నేల మీద పెట్టాడు.

"దొరికేవాడమ్మా," అన్నాడు.

నీతి: నీటి మీదికి ఒంటరిగా వెళ్లేవాడు వెళ్లే చోటు నిజంగా చెప్పి వెళ్లాలి. వెతికేవాళ్లు మనం ఉన్న చోటికి రారు, మనం చెప్పిన చోటికి వెళ్తారు.