మేక సీరం కలిపిన సీసా

హైమవతికి ఆ ఉదయం తన సీరం మీద పట్టరాని కోపంగా ఉంది.

నాలుగు నెలలు కష్టపడి తయారు చేసుకుంది. కుందేలుకు జింక రక్తం ఎక్కించి, తర్వాత ఆ కుందేలు రక్తం గడ్డకట్టాక పైన తేరిన, జింకను పట్టుకునే సీరం అది. జెల్లీ పలకలో దాని పక్కన జింక మాంసం రసం పోస్తే మధ్యలో తెల్లటి గీత వస్తుంది. గొర్రెల కాపరి బీరప్ప సంచిలో దొరికిన మాంసానికీ గీత వచ్చింది. రాగానే "జింకేనండీ" అని ఫారెస్టువాళ్ళకు ఫోన్లో చెప్పేసింది. మేకమాంసం బాబూ అని మొత్తుకుంటున్నా వాళ్ళు బీరప్పను లోపల వేశారు. ఇంత చదువు చదివిన పిల్లకు కాస్త ఆగాలని తెలియకపోవడం ఏమిటో.

"మేకకు పెట్టి చూశావా అమ్మా?" అని నిన్న ఖలీల్ సారు అడిగారు. ఆ ల్యాబులో ఆమెకు పని నేర్పింది ఆయనే.

చూడలేదు. అప్పుడు పెట్టింది. మేకకూ గీత వచ్చింది. గొర్రెకూ వచ్చింది.

"దరిద్రపు సీరం సార్. దేనికి పెట్టినా గీతే. పారబోసి మళ్ళీ మొదలుపెడతాను."

"ఇంకో నాలుగు నెలలు. అందాకా బీరప్ప లోపలే ఉండాలా?"



సారు విసుగ్గా లేచి, ఫ్రిజ్‌లోంచి మేక సీరం తీసి ఆమె సీసాలో వంపేశారు.

"అయ్యో సార్, అంతా పాడైపోయింది."

"రేపు చూడు."

మర్నాటికి సీసా అడుగున తెల్లటి మడ్డి దిగింది. సీరంలో మేకను పట్టుకునేదంతా మేకను పట్టుకుని అడుక్కి చేరిపోయింది. పైన తేరినదాన్ని సారు ఆమె చేతే మళ్ళీ పెట్టించారు.

జింకకు సన్నటి గీత వచ్చింది. మేకకు రాలేదు. బీరప్ప మాంసానికీ రాలేదు.

హైమవతికి ప్రాణం లేచొచ్చింది. "ఇప్పుడే ఫోన్ చేస్తాను సార్. మొదటి సీరం తప్పు చెప్పిందని చెప్పేస్తాను."

సారు తల పట్టుకున్నారు.

"సీరం తప్పెక్కడ చెప్పిందమ్మా? జింకా మేకా చుట్టాలని చెప్పింది. జింకేనన్నది నువ్వు."

ఆమె పలకను ఇంకోసారి చూసుకుంది. తర్వాత ఫోన్ తీసింది. అవతల ఎత్తగానే, "నేను తప్పు చెప్పానండీ" అని మొదలుపెట్టింది.